మా సహస్ర కాలు గేటైన రోజులు

ఆ ఆదివారం సాయంత్రం మా మదీనాగూడ గల్లీలో పిల్లలు తొక్కుడుబిళ్ల ఆడుతున్నారు. మా సహస్రకు ఏడేళ్లు. ఆ ఆటలో తనను ఓడించే పిల్ల మా గల్లీలో లేదు. అలాంటిది, ఒంటికాలి మీద నిలబడి బిళ్లను తోయబోయి కూలబడింది. లేచింది. మళ్లీ కూలబడింది. నేను మెట్ల మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను.

"ఏమైందే?" అని అడిగాను.

"కాళ్లల్ల చీమలు పాకుతున్నట్టు ఉన్నది మమ్మీ" అంది.

మర్నాడు స్కూల్లో డిక్టేషన్ ఉంది. ఆ డిక్టేషన్ పేరు చెప్పుకుని వచ్చిన చీమలే అనుకున్నాను. కాళ్లు కడిగించి, పుస్తకం ముందు కూర్చోబెట్టాను.

తెల్లారి మంచం దిగి గోడ పట్టుకుంది. మా గది ముందున్న నాలుగు మెట్లు ఎక్కలేకపోయింది. గల్లీ చివరి క్లినిక్‌కు తీసుకెళ్తే, "మొన్న మోషన్స్ అయినయ్ కదా, వీక్‌నెస్" అని టానిక్ రాశారు. రెండు వారాల కింద విరేచనాలు పట్టిన మాట నిజమే. అదే రోజు సాయంత్రం అన్నం తిని కింది నుంచి లేవబోయింది. రెండు చేతులూ నేలకు ఆనించి, తర్వాత మోకాళ్ల మీద పెట్టుకుని, ముసలమ్మలా ఒళ్లును పైకి నెట్టుకుంది. మా ఆయన మల్లేశ్ తింటున్న కంచం పక్కకు జరిపాడు. ఆయన కొండాపూర్‌లో ఒక గేటెడ్ కమ్యూనిటీ గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు. మాట తక్కువ మనిషి. "ఇది వీక్‌నెస్ కాదు. నడువు, పెద్ద దవాఖానకు పోదాం" అన్నాడు.

పిల్లల పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ సహస్ర మోకాలి కింద చిన్న సుత్తితో కొట్టింది. కాలు కదల్లేదు. రెండో కాలు మీద కొట్టింది. అదీ కదల్లేదు. నేను ఆ సుత్తి వంకే చూస్తున్నాను. ఇంకొంచెం గట్టిగా కొడితే కదులుతుందేమోనని నా పిచ్చి ఆశ.

"రిఫ్లెక్సెస్ రావట్లేదు. జీబీఎస్ అనిపిస్తోంది. అడ్మిట్ చేద్దాం" అంది డాక్టరమ్మ.

జీబీఎస్ అంటే గులియన్ బారీ సిండ్రోమ్. ఒంట్లోకి వచ్చిన ఇన్ఫెక్షన్‌తో పోరాడాల్సిన రక్షణ శక్తి, దారి తప్పి మన నరాల మీదే పడుతుందట. కాళ్ల నుంచి మొదలై పైకి పాకుతుందట. నరాల్లో కరెంటు ఎంత వేగంగా పోతోందో చూడడానికి ఎన్‌సీఎస్ చేశారు. ఎల్‌పీ అని వెన్నులోంచి నీరు తీశారు. పిల్లను ముడుచుకునేలా పడుకోబెట్టి పట్టుకొమ్మంటే పట్టుకున్నాను. తను ఏడవలేదు. నా చెయ్యి కొరికింది. కొరకనిచ్చాను.

ఐవీఐజీ అనే మందు ఐదు రోజులు సెలైన్‌లా ఎక్కించారు. ఆ రోజుల్లో డాక్టరమ్మ వచ్చినప్పుడల్లా ఒకటే చెప్పేది. "సహస్రా, ఒక్క ఊపిరి పీల్చుకుని, ఆపకుండా అంకెలు చదువు." ఛాతీ కండరాల్లో బలం ఎంతుందో దాన్నిబట్టి తెలుస్తుందట. మొదటి రోజు బాగానే చదివింది. తర్వాత గొంతు సన్నబడింది, అంకెలు తగ్గుతూ వచ్చాయి. పీఐసీయూకు, అంటే పిల్లల ఐసీయూకు మార్చారు.

"వెంటిలేటర్ అవసరం రాకపోవచ్చు. వస్తే మాత్రం ఆలస్యం చేయం. మీరు ధైర్యంగా ఉండాలి" అంది డాక్టరమ్మ. ధైర్యంగా ఉంటాను మేడం అన్నాను. బయటికొచ్చి మల్లేశ్ భుజం మీద తల పెట్టి, నా జీవితంలో ఎన్నడూ ఏడవనంత ఏడ్చాను. ఆయన కూడా ఏడ్చాడు. ఎవరు చూస్తున్నారో మాకు పట్టలేదు.

వెంటిలేటర్ దాకా పోలేదు. ఆక్సిజన్‌తోనే గట్టెక్కింది. గొంతు తిరిగి వచ్చింది, అంకెలు పెరిగాయి, వార్డుకు పంపారు. గండం గడిచిందని అందరికీ ఫోన్లు చేసి చెప్పాను. అసలు పని అక్కడ మొదలవుతుందని నాకు తెలియదు.

కాళ్లు కదలట్లేదు. పాదాలు ముందుకు వాలిపోయి ఉన్నాయి. డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి స్పష్టంగా చెప్పింది. "నరాలు మెల్లగా కోలుకుంటాయి. పిల్లల్లో చాలామంది బాగానే నడుస్తారు. కానీ ఈలోగా మడమ వెనక భాగం బిగుసుకుపోతే, తర్వాత నరం బాగైనా నడక బాగుపడదు. ఈ కొన్ని నెలలు ఫిజియోథెరపీ వదలొద్దు."

వదిలే మనిషిని కాదు నేను. ఐటీ టవర్‌లో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్‌ని. ఏ పనినైనా ఒక పద్ధతిలో పెడితే తప్ప నాకు తిన్నది అరగదు. ఇదెంత అనుకున్నాను. కానీ పిల్ల ఒప్పుకోవాలి కదా.

"కాలు లేపు బంగారం."

"లేవది."

"జర ప్రయత్నం చెయ్యి బిడ్డా."

"లేవదన్న కదా!" అని గోడవైపు తిరిగేది.

జీబీఎస్‌లో కాళ్లు నొప్పి కూడా పుడతాయి. ముట్టుకుంటే అరిచేది. చాక్లెట్ ఆశ చూపాను. ఫోన్‌లో వీడియోలు పెట్టాను. ఫోన్ పెడితే ఇంకా అన్యాయం, కళ్లు తప్ప ఏదీ కదిలేది కాదు. తిట్టాను కూడా. ఫిజియో మేడం రోజూ వచ్చి కాళ్లు పట్టుకుని మడిచి చాపేది. ఆమెది కాకినాడ వైపు. "కంగారు పడకండి, పాపకి మనసొస్తే తనే చేస్తుందండి" అనేది. ఆ మనసు ఎప్పుడొస్తుందో మాత్రం ఆమె చెప్పేది కాదు.

ఒక రోజు మధ్యాహ్నం మల్లేశ్ మార్నింగ్ షిఫ్ట్ దిగి యూనిఫాం మీదే వార్డుకు వచ్చాడు. జబ్బు రాకముందు ఇంట్లో తండ్రీకూతుళ్లకు ఒక అలవాటుండేది. ఆయన రాగానే "డాడీ, ఇయాల గేటుకాడికి ఎవరెవరొచ్చిండ్రు?" అని అడిగేది. ఆయన పార్సిల్ తెచ్చిన వాళ్ల గురించి, స్కూల్ వ్యాన్ గురించి, దొంగతనంగా లోపలికి దూరిన పిల్లి గురించి చెప్పేవాడు. నాతో పది మాటలు మాట్లాడని మనిషి పిల్లకు అరగంట చెప్పేవాడు. ఆసుపత్రికి వచ్చాక సహస్ర అది అడగడమే మానేసింది. ఆ రోజు కూడా అడగలేదు. కానీ ఆయన ఒళ్లో ఉన్న టోపీ తీసి తన తలకు పెట్టుకుంది.

అప్పుడే ఫిజియో మేడం వచ్చింది. పిల్ల భయపడకుండా, రెండు వేళ్లను మనిషి కాళ్లలా దుప్పటి మీద నడిపించుకుంటూ మోకాలివైపు తెచ్చింది.

"ఆగున్రి! యాడికి?" అంది సహస్ర.

మేడం వేళ్లు ఆగిపోయాయి. "లోపలికి వెళ్లాలండి."

"ఏ బ్లాకు? ఏ ఫ్లాటు?"

"బి బ్లాకండి. మూడో అంతస్తండి."

"యాప్‌ల అప్రూవల్ రాలే. పక్కకు నిలబడున్రి."

మేడం వేళ్లు పక్కకు జరిగి నిలబడ్డాయి. ఫ్లాటువాళ్లు పంపమన్నారో లేదో ఫోన్‌లో చూసినట్టు సహస్ర అరచెయ్యి చూసుకుంది. "ఆఁ, వచ్చింది. పోన్రి" అని తన కాలివైపు చూసింది. గేటు దగ్గర కార్లను ఆపడానికి అడ్డంగా ఉండి, పైకి లేచే ఎరుపు తెలుపు చారల కర్ర ఉంటుంది చూడండి, మల్లేశ్ దాన్ని బూమ్ అంటాడు. "జర ఆగున్రి, బూమ్ లేస్తున్నది" అంది పిల్ల. ముఖం ఎర్రబడింది. పెదవి కొరుక్కుంది. మడమ మంచం మీది నుంచి అగ్గిపెట్టె ఎత్తున లేచింది. మేడం వేళ్లు గబగబా దాని కిందినుంచి దూరి వెళ్లిపోయాయి.

"థాంక్సండీ వాచ్‌మన్ గారూ!"

"వాచ్‌మన్ కాదు, సెక్యూరిటీ" అంది సహస్ర.

మల్లేశ్ కిటికీవైపు తిరిగి నిలబడ్డాడు. నాకు మంచం ఎక్కి గంతులెయ్యాలనిపించింది.

ఇంటికొచ్చాక ఆ గేటుకు రద్దీ పెరిగింది. స్టీలు గ్లాసు స్కూల్ వ్యాన్ అయింది. సబ్బుపెట్టె పార్సిల్ బండి అయింది. చిన్న వంకాయ ఒకటి క్యాబ్ డ్రైవర్‌గా వచ్చి, రోజూ తప్పు బ్లాకు పేరు చెప్పి చీవాట్లు తినేది. మడమ లేస్తే గేటు తెరిచినట్టు. కాలివేళ్లు తనవైపు వంచితే గేటు గట్టిగా పడ్డట్టు. ఇది మేడం చేయించమన్న ఎక్సర్‌సైజే, కాకపోతే పేరు మారింది. సహస్ర గేటుకు సొంత రూలు కూడా ఒకటుండేది. మల్లేశ్ పనిచేసే చోట గేటు పక్కనే ఉయ్యాలలు, జారుడుబండ ఉన్నాయి. అవి ఫ్లాట్ల వాళ్ల పిల్లలకే. తండ్రికి టిఫిన్ ఇవ్వడానికి నాతో వచ్చినప్పుడల్లా సహస్ర కడ్డీల సందులోంచి వాటిని చూసేది. తన గేటు దగ్గర మాత్రం, ఆడుకోవడానికి వచ్చినవాళ్లకు అప్రూవల్ అక్కర్లేదు. వంకాయ పనిమీద వస్తే నిలబెట్టేది, ఉయ్యాల ఊగడానికి వచ్చానంటే వెంటనే వదిలేది.

ఇక్కడ నేను చేసిన పని చెప్పాలి. కాలు లేస్తోందని చూడగానే నాలో సూపర్‌వైజర్ నిద్రలేచింది. మా ఆఫీసులో ప్రతి వాష్‌రూమ్ తలుపు వెనక ఒక చార్టు వేలాడుతుంది. గంటగంటకూ శుభ్రం చేసి, టిక్కు పెట్టి సంతకం చెయ్యాలి. అచ్చం అలాంటిదే గీసి మంచం పక్కన గోడకు అంటించాను. పొద్దున ఇన్ని బండ్లు, మధ్యాహ్నం ఇన్ని, సాయంత్రం ఇన్ని. అయిపోతే టిక్కు, నా సంతకం. నేను డ్యూటీలో ఉంటే మల్లేశ్ సంతకం.

"నాకన్న గట్టి డ్యూటీ ఏసినవ్ పిల్లకు" అన్నాడు ఆయన.

"నడవాల్నా వద్దా?" అన్నాను.

కొన్ని రోజులు చార్టు నిండా టిక్కులే. నాకు కడుపు నిండినంత సంతోషం. కానీ వంకాయను తిట్టడం ఆగిపోయింది. ఫ్లాటు నంబర్లు అడగడం ఆగిపోయింది. "ఇంకెన్ని ఉన్నయ్ మమ్మీ?" అన్న ప్రశ్న ఒక్కటే మిగిలింది. నేను ఇంకో వరుస కలిపాను. ఒక సాయంత్రం టోపీ తీసి నా చేతిలో పెట్టి, "నేను డ్యూటీ మానేసిన" అంది. మర్నాడు పొద్దున కాలు లేపమంటే లేవలేదు. మొండితనం కాదు, నిజంగానే లేవలేదు. జబ్బు తిరగబెట్టిందనుకున్నాను.

ఆటోలో ఆసుపత్రికి పరుగెత్తాం. డాక్టరమ్మ అన్నీ చూసింది, అంకెలు చదివించింది. "రిలాప్స్ కాదు, బాగా అలిసిపోయింది. కోలుకునే నరాన్ని అలసట దాకా లాగకూడదు. ఇంట్లో ఎంత చేయిస్తున్నారు?" అని అడిగింది. ఫోన్‌లో చార్టు ఫొటో చూపించాను, కొంచెం గర్వంగానే. ఆమె దాన్ని పెద్దది చేసి చూసి, ఫోన్ ఫిజియో మేడం చేతికిచ్చింది.

"ఇంత పద్ధతిగా చేయించే తల్లిని నేను చూడలేదండి" అంది మేడం. "కానీ ఒక్క మాట. ఆటైతే అలసట రాగానే పాపే ఆపేస్తుంది. గేటు మూసేస్తుంది, టీ తాగడానికి వెళ్లిపోతుంది. ఈ చార్టు ఆపదు కదండి. మంచి ఆటని తీసుకెళ్లి ఉద్యోగం చేసేశారు."

నాకు కోపం వచ్చింది. పిల్ల నడవాలని నేను పడే తపన వీళ్లకేం తెలుసు అనుకున్నాను. ఇంటికెళ్లి ఆ చార్టు పీకి చెత్తబుట్టలో వేశాను. కోపం నా మీదికి మళ్లింది, దాన్ని ఏం చెయ్యాలో తెలియక ఇల్లంతా కడిగాను.

డాక్టరమ్మ చెప్పినట్టు విశ్రాంతినిచ్చాం. కాలు మళ్లీ తేలికపడింది. ఒక రోజు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి సహస్ర టోపీ పెట్టుకుని ఉంది. ఎవరూ చెప్పకుండానే గేటు తెరిచింది. వంకాయ ఎండిపోయిందని దాని స్థానంలో ఆలుగడ్డ చేరింది. నేను మెల్లగా మంచం పక్కన కూర్చుని, ఫిజియో మేడంలా రెండు వేళ్లు నడిపించుకుంటూ వెళ్లాను.

"ఆగు. ఎవరు?"

"నేనే సార్, సహస్ర వాళ్ల మమ్మీని."

"ఏం పనిమీద వచ్చినవ్?"

"పిల్లకు ఎక్సర్‌సైజ్ చేపియ్యాలె సార్."

"అప్రూవల్ లేదు. పో."

నా వేళ్లు వెనక్కి తిరిగి, తలగడ చుట్టూ తిరిగి మళ్లీ వచ్చాయి. "హౌస్‌కీపింగ్ సార్."

"హౌస్‌కీపింగోళ్లకు ఎనక గేటు."

నవ్వు వచ్చింది, చురుక్కుమంది కూడా. మా ఆఫీసులో నేను ఎక్కేది కూడా వెనక ఉన్న సర్వీస్ లిఫ్టే. పిల్ల అంతా చూసి పెట్టుకుంది. మూడోసారి వెళ్లాను. ఈసారి, "ఆడుకోవడానికి వచ్చిన సార్" అన్నాను.

"ఎవరితోటి?"

"మీకు టైం ఉంటే మీతోటి."

సహస్ర నన్ను అనుమానంగా చూసింది. నా చేతుల్లో పెన్ను ఉందేమో చూసింది. తర్వాత బూమ్ లేచింది. ఇంతకుముందు లేచిన దానికంటే బెత్తెడు పైకి లేచింది. "పో, ఉయ్యాల ఖాళీగ ఉన్నది. నేను చెప్పేదాక దిగొద్దు" అంది. నేను నేల మీద కూర్చుని ముందుకూ వెనక్కూ ఊగాను. చాలాసేపు ఊగాను. మల్లేశ్ తలుపు తీసి, చీర కొంగు నడుముకు చుట్టుకుని ఊగుతున్న నన్ను చూసి, "నీకేమైందే?" అన్నాడు. "మాట్లాడకు, సెక్యూరిటీ ఊకోదు" అన్నాను. పెళ్లయ్యాక మా ఇంట్లో అంత నవ్వు నాకు గుర్తు లేదు.

అప్పటి నుంచి ఆట పెత్తనం తనదే. నా పని ఆసుపత్రి వాళ్లు చెప్పింది ఆటలోకి చేరవెయ్యడమే. నిలబెట్టాలి అని మేడం అంటే, ఆ రోజు కమ్యూనిటీ ప్రెసిడెంట్ గారి కారు వచ్చేది, సెక్యూరిటీ లేచి సెల్యూట్ కొట్టాల్సి వచ్చేది. పాదాలు వాలకుండా ఇచ్చిన ఏఎఫ్‌ఓ అనే ప్లాస్టిక్ బూట్లను మొదట విసిరికొట్టింది. మల్లేశ్ తన డ్యూటీ బూట్లు పాలిష్ చేస్తూ వాటిని కూడా పక్కన పెట్టుకుని తుడిచాడు. తెల్లారి అడిగి వేయించుకుంది. నడక మొదలయ్యాక రౌండ్లకు వెళ్లేది. గోడ పట్టుకుని మంచం దగ్గర నుంచి పొయ్యి దాకా వెళ్లి, "మోటర్ బంద్ చేసిన్రా?" అని అడిగి వచ్చేది. పడింది. మోచెయ్యి చీరుకుపోయింది. నడుమ జ్వరం వచ్చి, నేర్చుకున్న నడక కొంత పోయింది. మళ్లీ మంచం మీది గేటు నుంచి మొదలుపెట్టాం. సాయంత్రాలు పిల్ల దగ్గర ఉండాలని నేను మేనేజర్‌తో పోట్లాడి మార్నింగ్ షిఫ్ట్ తీసుకున్నాను. ఇవ్వను అన్నాడు. ఇచ్చేదాకా ఆయన క్యాబిన్ ముందు నుంచి కదల్లేదు.

ఇప్పుడు సహస్ర స్కూలుకు వెళ్తోంది. బూట్లు తీసేశారు. ఎక్కువసేపు నిలబడితే అలసిపోతుంది, పరుగులో ఎడమ పాదం కొంచెం చప్పుడు చేస్తుంది. చెకప్‌కు వెళ్తే డాక్టరమ్మ సుత్తితో కొట్టింది, కాలు తన్నినట్టు లేచింది. "తల్లీ, నన్ను తన్నకు" అంది డాక్టరమ్మ. పక్కన కూర్చున్న నాకు ఆ చిన్న తన్ను చూసి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

మొన్న స్కూల్లో టీచర్ పిలిచింది. "లెక్కల్లో వెనకబడింది. సాయంత్రం రెండు గంటలు ట్యూషన్ పెట్టించండి. ఆటలు తర్వాతైనా ఆడుకోవచ్చు" అంది. మంచి మనిషే, పిల్ల మేలు కోరే చెప్పింది. మునుపటి నేనైతే ఆ సాయంత్రమే ట్యూషన్‌లో చేర్పించేదాన్ని.

"ఆ టైం ఖాళీ లేదు మేడం. ఆ టైంల ఆమెకు ఆట ఉన్నది" అన్నాను.

"ఆటా?" అంది.

"అవును మేడం. మా పిల్ల చదువుకోవడానికి లేచి నిలబడలేదు. ఆడుకోవడానికి లేచింది. లెక్కలు నేను రాత్రి చెప్పుకుంటా."

పిల్లలకు ఇంట్లో ఫిజియోథెరపీ చేయించే తల్లిదండ్రులకు నేను చెప్పేది ఒక్కటే. డాక్టర్ చెప్పిన ఎక్సర్‌సైజ్ ఒక్కటి కూడా వదలకండి. కానీ దాన్ని ఏ ఆటలో పెట్టాలో మీ పిల్లను అడగండి, ఆ ఆటలో మీకిచ్చిన వేషం ఎంత చిన్నదైనా వెయ్యండి. పిల్ల చాలు అన్నప్పుడు చాలు.

నిన్న సాయంత్రం కొండాపూర్‌లో కార్పొరేషన్ పార్కుకు తీసుకెళ్లాను. అక్కడి పిల్లలతో పట్టుకునే ఆట ఆడింది. చీకటి పడుతోంది, వంట మిగిలే ఉంది. "సహస్రా, ఇగ చాలు, ఇంటికి పోదాం" అని పిలిచాను. వినలేదు. దగ్గరికి వెళ్లి చెయ్యి పట్టుకోబోయాను. తప్పించుకుని, ఎడమ పాదం టపటపమంటుంటే, జారుడుబండ వెనక్కి పరుగెత్తింది. నేను చెప్పులు విడిచి వెంటపడ్డాను. దొరకలేదు.